బర్బాంక్ కుళాయి నీళ్లు
(స్మారకోపన్యాస పాఠం)



లోహశాస్త్రం చెప్పే మాస్టారు చరిత్ర చదువుకునే నన్ను ఎందుకు చేరదీశారో చాలాకాలం అర్థం కాలేదు. నేను ఏ విమానం గురించి ఉత్సాహంగా మొదలుపెట్టినా, "వేగం సరేనయ్యా, ఒళ్లు దేనితో చేశారు?" అని అడ్డుకునేవారు. ఆ ప్రశ్న వెంటపడే నేను పరిశోధనలోకి వచ్చాను.

ధ్వనికి ఐదు రెట్లు, అంటే మాక్ 5 దాటితే హైపర్‌సోనిక్ అంటున్నాం. ఆ వేగంతో ఎగిరే నిఘా విమానం ఏ దేశపు వైమానిక దళంలోనైనా చేరిందనడానికి ఇప్పటిదాకా రుజువు లేదు. కాబట్టి ఇవాళ నేను చెప్పేది పెళ్లికొడుకు ఇంకా విడిదికి చేరని పెళ్లి కథ.

సోవియట్ దేశం మీద ఎగిరిన అమెరికా నిఘా విమానం యూ-2 సంగతి, 1960 మే 1న అక్కడి స్వెర్డ్‌లోవ్స్క్ దగ్గర పైలట్ పవర్స్ నడిపిన యూ-2 కూలిన సంగతి మీకు తెలిసినవే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో జేంగర్ కన్న రాకెట్ విమానపు కలలు, 1963 డిసెంబరులో అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా రద్దు చేసిన డైనా-సోర్ అంతరిక్ష విమానం, వీటి జోలికి పోను. కాగితం దాటని విమానాలు నాకెందుకో రుచించవు.

నేరుగా కాలిఫోర్నియాలోని బర్బాంక్‌కు వెళదాం. యూ-2 కూలడానికి ముందే, 1959లోనే, దాని వారసుణ్ణి తయారుచేసే పని విమానాల సంస్థ లాక్‌హీడ్‌లో కెల్లీ జాన్సన్ బృందానికి దక్కింది. అదే సీఐఏ కోసం చేసిన ఏ-12. తర్వాత వచ్చిన నిఘా విమానం ఎస్ఆర్-71కి అన్న. మాక్ 3 దాటి గంటల తరబడి పోవాలి. ఆ వేగంలో కాక్‌పిట్ అద్దం బయటివైపు 300 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. ఆ వేడికి అల్యూమినియం పనికిరాదు. టైటానియం కావాలి. దాని ముడి సరుకులో కొంత సోవియట్ దేశం నుంచే, మధ్యవర్తుల ద్వారా, ఎవరికోసమో చెప్పకుండా తెప్పించారు. ఎవరి మీద నిఘా పెట్టాలో వాళ్లే సరుకు అమ్మారన్నమాట!

నన్ను ఏళ్ల తరబడి పట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి సంగతి. చలికాలంలో వెల్డింగు చేసిన రేకులు నిలిచేవి, వేసవిలో చేసినవి త్వరగా పాడయ్యేవి. పనివాళ్లు వాళ్లే, యంత్రాలూ అవే. చివరికి తేలిందేమంటే, వేసవిలో నాచు పట్టకుండా బర్బాంక్ ఊరి నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలిపేవారు. విడిభాగాలు కడుగుతున్నది ఆ నీళ్లతోనే. టైటానియానికి క్లోరిన్ గిట్టదు. అప్పటినుంచి శుద్ధిచేసిన నీళ్లు వాడారు. అలాగే కాడ్మియం పూత ఉన్న రెంచీలతో బిగించిన బోల్టుల తలలు వేడెక్కగానే ఊడిపోయేవి. పనిపెట్టెలన్నీ గాలించి ఆ రెంచీలు ఏరి పారేశారు. ఈ కథ విన్న రోజు మాస్టారు చిన్నపిల్లాడిలా నవ్వారు. "మీ చరిత్రకారులు దీన్ని రాయరయ్యా, అధ్యక్షుల పేర్లు రాస్తారు" అన్నారు.

వేడిని తట్టుకోవడం ఒకటైతే, దాన్ని ఎక్కడికో పంపడం మరొకటి. జేపీ-7 అనే ప్రత్యేక ఇంధనాన్ని మండించే ముందు విమానం ఒంట్లో తిప్పి, చల్లబరిచే నీళ్లలా వాడుకున్నారు. అగ్గిపుల్ల వేసినా అది సులువుగా అంటుకోదు. మండించడానికి ట్రైఇథైల్‌బోరేన్ చిమ్మాల్సిందే. ఇదే దారిలో మొత్తం 32 ఎస్ఆర్-71లు తయారైతే 12 ప్రమాదాల్లో పోయాయి, శత్రువు కూల్చింది ఒక్కటీ లేదు.

మరి మాక్ 5 ఎందుకు దాటలేదు? దాటారు, ఎక్స్-15 అనే అమెరికా రాకెట్ ప్రయోగ విమానంలో. 1967 అక్టోబరు 3న పైలట్ పీట్ నైట్ మాక్ 6.7 అందుకున్నాడు. దిగాక చూస్తే కింది రెక్క కాలి చిల్లులు పడింది. ఆ విమానం మళ్లీ ఎగరలేదు.

ఇక్కడ నా పాత తగాదా ఒకటి చెప్పక తప్పదు. 1985లో ఒక అమెరికా రక్షణ బడ్జెట్ పత్రంలో 'అరోరా' అనే పేరు బయటపడింది. అది రహస్యంగా ఎగురుతున్న హైపర్‌సోనిక్ నిఘా విమానమని ఒక వర్గం పరిశోధకులు ఇప్పటికీ నమ్ముతారు. 1989లో ఉత్తర సముద్రంలో చమురు రిగ్గు మీద ఉన్న ఇంజనీరు చూసిన త్రికోణాకారం, కాలిఫోర్నియాలో భూకంప యంత్రాలకు అందిన దబదబలు వాళ్ల సాక్ష్యాలు. అరోరా అంటే బీ-2 బాంబరు పోటీకి కేటాయించిన డబ్బుకు పెట్టిన మారుపేరని లాక్‌హీడ్‌ రహస్య విభాగానికి అధిపతిగా పనిచేసిన బెన్ రిచ్ 1994లో రాశాడు. "ఆయన దాస్తున్నాడు" అన్నారు అరోరాను నమ్మేవాళ్లు. ఔనంటే ఒప్పుకున్నట్టు, కాదంటే దాచినట్టు! ఇలాంటి వాదాన్ని ఏ లోహంతో కోయాలి? ఏ-12ను దాచలేదా అని ఒక సదస్సులో నన్ను నిలదీశారు. దాచారు, కానీ ఎన్నాళ్లు? 1962లో ఎగిరిన విమానం గురించి 1964 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు జాన్సనే, పేరు మార్చి అయినా, నోరు విప్పాల్సి వచ్చింది. పైగా జేపీ-7 మోయడానికి కేసీ-135క్యూ అనే, గాలిలో ఇంధనం నింపే ట్యాంకర్ల దండు విడిగా కావాల్సి వచ్చింది. చుట్టం వచ్చిన సంగతి దాచొచ్చు, వంటింట్లో పొగ దాచలేం. మీథేనుతో నడుస్తుందని వాళ్లే రాసిన విమానానికి ఆ మీథేను మోసిన ట్యాంకర్లేవి? ఈ ఒక్కదానికీ నాకింకా జవాబు రాలేదు...

సభాధ్యక్షులు చీటీ పంపారు. ఐదు నిమిషాలట.

మిగతాది క్లుప్తంగా చెబుతాను. ఉపగ్రహాలు వచ్చి నిఘా విమానాల అవసరాన్ని తగ్గించాయి. 2004లో ఎక్స్-43ఏ సుమారు మాక్ 9.6, 2013లో ఎక్స్-51ఏ మాక్ 5.1 సాధించాయి. రెండూ మనిషి లేని అమెరికా ప్రయోగాలే. 2013లోనే లాక్‌హీడ్ ఎస్ఆర్-72 అనే హైపర్‌సోనిక్ నిఘా విమానం ఆలోచన ప్రకటించింది. 2019 అక్టోబరులో చైనా తన కవాతులో డబ్ల్యూజెడ్-8 నిఘా డ్రోను చూపించింది. మన దగ్గర 2020 సెప్టెంబరు 7న ప్రయోగ వాహనం హెచ్‌ఎస్‌టీడీవీ స్క్రామ్‌జెట్ ఇంజను, ధ్వనిని మించిన వేగంతో దూసుకొచ్చే గాలిలోనే ఇంధనం మండించేది, ఇరవై సెకన్లకు పైగా మండింది. మన హైదరాబాదులోనే, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్‌లో, 2025 జనవరిలో నేలమీది పరీక్షలో ఒక స్క్రామ్‌జెట్ మంట గది 120 సెకన్లు, ఏప్రిల్‌లో వెయ్యి సెకన్లు దాటింది. అది క్షిపణుల కోసం, నిఘా కోసం కాదు. కానీ మంట గదికి సిరామిక్ పూత వేశారు, మండబోయే ఇంధనంతోనే దాన్ని చల్లబరిచారు. మాస్టారు ఉంటే ఆ పూత గురించి రాత్రంతా మాట్లాడేవారు. నాకు మాత్రం మైకు కట్టేస్తున్నారు. సెలవు.