కంట్రోల్ రూములో మన కుర్చీ

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవ సభలో యువతనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



డోళ్ల మోత ఆగిన వెంటనే చదువు గురించి మాట్లాడితే ఎవరికీ రుచించదు. అయినా పెద్దలు చెప్పమన్నారు కాబట్టి చెబుతాను.

మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లానే చూడండి. సారపాకలో కాగితం మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం, పాల్వంచలో, మణుగూరు దగ్గర విద్యుత్ కేంద్రాలు, ఇంకా బొగ్గు గనులు. ఇలాంటి పరిశ్రమలను నడిపేది కంట్రోల్ రూముల నుంచే. ఆ గదుల్లో మన గూడేల పిల్లలు ఎంతమంది కూర్చుంటున్నారో ఎవరికి వారు లెక్క వేసుకోండి. నేను ఈ రోజు మాట్లాడేది ఆ కుర్చీ గురించే.

ఆటోమేషన్ అంటే భయపడాల్సిన పెద్ద మాటేమీ కాదు. ఊరి వాటర్ ట్యాంకు సంగతి తీసుకోండి. ఒకరు పైకెక్కి నీళ్లు చూస్తారు, నిండాయో లేదో ఆలోచిస్తారు, కిందికి దిగి మోటారు ఆపుతారు. ఇందులో కన్ను చేసే పని సెన్సర్‌ది, బుర్ర చేసే పని పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్‌ది, చెయ్యి చేసే పని మోటారుది, వాల్వ్‌ది. ఎంత పెద్ద ఫ్యాక్టరీ అయినా ఈ మూడింటి మీదే నడుస్తుంది.

ఈ పీఎల్‌సీ 1960ల చివర్లో అమెరికా కార్ల ఫ్యాక్టరీల అవసరం కోసం పుట్టింది. అప్పట్లో కారు మోడల్ మారినప్పుడల్లా వందల రిలేల వైరింగ్ విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చేది. ఆ బాధ తప్పించడానికి దీన్ని చేశారు. ఎలక్ట్రీషియన్లకు అలవాటైన నిచ్చెన బొమ్మలనే దాని భాషగా పెట్టారు. అదే లాడర్ లాజిక్. అంటే అది వైరు పట్టుకునే చేతుల కోసం తయారైన భాష. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన పిల్లవాడు దాన్ని చూసి వెనక్కి తగ్గాల్సిన పని లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి డ్యూటీలో తొట్టి మట్టం స్క్రీన్ మీద మైనస్ 25 శాతం చూపించింది. తొట్టి ఎండిపోయిందనుకుని పంపు ఆన్ చేశాను. కాసేపటికి తొట్టి పొంగి నేలంతా నీళ్లయింది. మా సీనియర్ వచ్చి ఒకటే అడిగాడు: "తొట్టిలో నీళ్లు సున్నా కంటే తక్కువ ఎలా ఉంటాయిరా?"

అసలు సంగతి ఏమిటంటే, సెన్సర్ వైరు తెగింది. సెన్సర్ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుతో కబురు పంపుతుంది. తొట్టి ఖాళీగా ఉన్నా 4 పంపుతూనే ఉండాలి. అదీ రాలేదంటే కబురు తెచ్చే దారే తెగిందన్నమాట. చేను కాపలాకు మంచె ఎక్కిన మనిషి పందులు రాకపోయినా మధ్యమధ్య కేక వేస్తుంటాడు కదా. కేక వినపడలేదంటే పందులు రాలేదని కాదు, మనిషి నిద్రపోయాడని. క్లాసులో ఇంగ్లీషులో చెప్పినప్పుడు నాకిది ఎక్కలేదు. నవ్వుతారని అడగలేదు. అడగని ఆ ఒక్క ప్రశ్నే ఆ రాత్రి నన్ను తలదించుకునేలా చేసింది. మీరు అడగండి. సిగ్గు ఒక్క నిమిషమే ఉంటుంది.

ఇక దారులు. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ వంటి ట్రేడులు రెండేళ్లు. లేదా పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని 2024లో మొదలుపెట్టారు. రోబోటిక్స్, సీఎన్‌సీ వంటి కోర్సులు అక్కడ ఉంటాయి. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదులుకోకండి. స్టైపెండ్ తక్కువే, కానీ ఆ కాలంలో చేతికి వచ్చే పని ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఉద్యోగాలు ప్యానెల్ వైరింగ్ దగ్గర మొదలవుతాయి. తర్వాత ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, పీఎల్‌సీ ప్రోగ్రామర్, కొత్త ప్లాంట్లు నడిపించి అప్పగించే కమిషనింగ్ ఇంజనీర్. మందుల కంపెనీలు, సిమెంటు, పాల డైరీలు, నీటి శుద్ధి కేంద్రాలు అన్నిటికీ వీళ్లు కావాలి. చెల్లెళ్లూ, ఇందులో కండబలం కంటే ఓపిక, చూపు ముఖ్యం. ఇది మీ పని కూడా.

"యంత్రాలొస్తే పనులు పోవా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. అబద్ధం చెప్పను. కొన్ని పోతాయి. మోసే పని, మూట కట్టే పని ముందుగా పోతాయి. మనవాళ్లు ఎక్కువగా చేసేవి అవే కాబట్టి దెబ్బ మనకే ముందు తగులుతుంది. అందుకే యంత్రాన్ని బాగుచేసే వైపు మనం కొందరమైనా నిలబడాలి.

ఒక హెచ్చరిక. నెల రోజుల్లో కోర్సు, వెంటనే ఉద్యోగం అంటూ వేలు అడిగేవాళ్లు ఉంటారు. అప్పు చేసి కట్టకండి. ముందు ఆ సర్టిఫికెట్‌కు గుర్తింపు ఉందో లేదో ఐటీఐ మాస్టారును అడగండి. ఓపెన్ పీఎల్‌సీ వంటి సాఫ్ట్‌వేర్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. పాత కంప్యూటర్ ఒకటుంటే ఇంట్లోనే నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు.

చివరగా, ఉద్యోగాల్లో ఉన్న మాలాంటి వాళ్లకు ఒక మాట. సెలవుకు ఊరికి వచ్చినప్పుడు ఒక పూట ఇద్దరు పిల్లలతో కూర్చుందాం. లాడర్ లాజిక్‌ను కోయ భాషలోనే చెబుదాం. నాకు అలా చెప్పేవాళ్లు ఉండి ఉంటే ఆ రాత్రి తొట్టి పొంగేది కాదు.

జోహార్.