ఆక్సిజన్ స్థానమున గంధకము

కాఫీ త్రాగి ఈ ప్రసంగము వినుచున్నవారు తమకు తెలియకయే ఒక ప్యూరిన్‌ను సేవించియున్నారు. కాఫీలోని కెఫీన్ ఆ జాతిదే. గౌట్ అను కీళ్లవ్యాధిని కలిగించు యూరిక్ ఆమ్లమును, మన కణముల జన్యుపదార్థమందలి అడినైన్, గ్వానైన్‌లును ఆ కుటుంబములోనివే. మూలపదార్థమైన ప్యూరిన్‌ను 1898లో యూరిక్ ఆమ్లమునుండి తయారుచేసిన వారు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్. దానికి పేరు పెట్టినదియు వారే.

అయితే నేడు నేను చెప్పదలచినది, ఆ వంశమున మానవుడు బుద్ధిపూర్వకముగా కల్పించిన మరియొక పదార్థమును గురించి.

గెర్‌ట్రూడ్ ఎలియన్ పదునైదేండ్ల ప్రాయమున, తాతగారు క్యాన్సరుతో మరణించుట కన్నులార చూచినారు. రసాయనశాస్త్రము చదివినను, స్త్రీ యన్న కారణమున ప్రయోగశాలలో ఉద్యోగము దొరకుట దుర్లభమైనది. కడకు 1944లో న్యూయార్కు సమీపమున బరోస్ వెల్‌కం సంస్థలో జార్జి హిచింగ్స్ వద్ద చేరినారు. హిచింగ్స్ హార్వర్డులో ఫిస్కే శిష్యులు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు కృషి చేసినది ఆ ఫిస్కే వద్దనే.

క్యాన్సరు కణము వృద్ధి పొందుటకు ప్యూరిన్‌లు కావలెను. ప్యూరిన్ వలె కనిపించుచు, పనికిరాని పదార్థమును దానికి అందించిన ఏమగును? ఎలియన్ హైపోజాంథిన్ అను ప్యూరిన్‌ను ఫాస్ఫరస్ పెంటాసల్ఫైడుతో వేడిచేసి, ఆరవ స్థానమునందలి ఆక్సిజన్‌ను తొలగించి గంధకమును నిలిపినారు. మార్చినది ఒక్క పరమాణువే. అట్లు పుట్టినదే 6-మెర్కాప్టోప్యూరిన్. కణము దానిని తనదిగా భ్రమించి స్వీకరించును. తన ప్యూరిన్‌ల నిర్మాణము కుంటుపడును.

తీవ్ర ల్యుకీమియా సోకిన పిల్లలు ఆ రోజులలో కొద్ది నెలలకు మించి బ్రతికెడివారు కారు. ఈ మందుతో కొందరు కోలుకొని, లేచి ఆడుకొన్నారు. 1953లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చినది. కాని వ్యాధి తిరుగబెట్టినది. ఆడుకొన్న పిల్లలే మరణించినారు. అది ఎలియన్‌ను మిక్కిలి కలచివేసినది. నిజమునకు సూత్రములను, సమీకరణములను చదువునప్పుడు మనకు ఆ పిల్లలు కనిపించరు.

మందు శరీరములో త్వరగా నశింపకుండుటకై అల్లోప్యూరినాల్ అను మరియొక పదార్థమును వాడి చూచినారు. క్యాన్సరు విషయమున ఆశించిన ఫలము దక్కలేదు. కాని అది యూరిక్ ఆమ్లము తయారగుటను అరికట్టినది. 1966లో గౌట్‌కు ఔషధమైనది.

మెర్కాప్టోప్యూరిన్ మూలబడలేదు. ఇతర ఔషధములతో కలిపి ఇచ్చుట వైద్యులు నేర్చినారు. నేడు మంచి వైద్యము అందినచోట, లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా సోకిన పిల్లలలో పదింట ఎనమండుగురికి పైగా బ్రతుకుచున్నారు. వ్యాధి లొంగిన పిమ్మట కూడ సంవత్సరముల తరబడి వారు ప్రతిదినము మ్రింగు మాత్రలోనిది ఆ గంధకపు ప్యూరినే.