బిడ్డకు పెద్దల తోడు



బాసర యనగానే గోదావరీతీరమున జ్ఞానసరస్వతీదేవి సన్నిధిని జరుగు అక్షరాభ్యాసము మనకు స్ఫురించును. ఆనాడు పసివాని వ్రేళ్లు పట్టి దిద్దించువారు పెద్దలే. వాడు పదునైదేండ్లవాడు కాగానే ఆ చేయి వదలి, మార్కులు మాత్రమే యడుగుచున్నాము. ఆ వయసుననే పెద్దల తోడు మిక్కిలి యవసరమని విన్నవింపదలచితిని.

ఆ బాసరలోనే 2008లో, ట్రిపుల్ ఐటీ యని జనులు వ్యవహరించు విశ్వవిద్యాలయము వెలసినది. పదవ తరగతి ముగించిన పిల్లలు, విశేషించి పల్లెబడులవారు, అచ్చట 6 సంవత్సరములు వసతిగృహములందుండి చదువుదురు. కూలివాని బిడ్డయు, గోండుగూడెపు బిడ్డయు, లంబాడతండా బిడ్డయు ఒక్క పంక్తిని భుజింతురు. తన యూర ప్రథముడైనవాడు అచ్చట వందలలో నొకడగును. ఇంటిభాష యొకటి, పాఠముల భాష ఆంగ్లము. ఇంటివారి యాస చెడునని తన దిగులును ఫోనులో చెప్పడు. ఇటీవలి సంవత్సరములలో అచ్చటి విద్యార్థులు కొందఱు ప్రాణములు తీసికొనిరి.

2019 ఏప్రిలులో ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన పిమ్మట తెలంగాణమున 20మందికి తక్కువగాక పిల్లలు అట్లే మరణించిరి. అనంతరము పత్రములను మరల పరిశీలింపగా, తప్పినారనుకొన్నవారిలో వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. మార్కును దిద్దవచ్చును, పోయిన ప్రాణమును తెచ్చువారెవరు? ఇట్టి మరణమునకు కారణ మొక్కటియే యుండదు. అయినను నిర్భయముగా చెప్పుకొనుటకు ఒక్క పెద్ద యున్నచో, బిడ్డ ఆ గడియను దాటగలడు.

కావున బిడ్డ నిద్రాహారములు మాని, చెలికాండ్రను విడిచి, ప్రియమైన వస్తువులను పంచిపెట్టుచున్నచో ఉపేక్షింపకుడు. “చావవలెనని తోచుచున్నదా నాయనా?” యని మెల్లగా, సూటిగా అడుగుడు. అడిగినంతమాత్రమున ఆ తలపు పుట్టదు. ఉన్న భారము తగ్గును. నీతులు చెప్పక, పొరుగింటి పిల్లవానితో పోల్చక, వినుడు. ఒంటరిగా విడువకుడు. పురుగుమందులను తాళమున నుంచుడు. 2022 నుండి నడచుచున్న టెలి మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేసినచో, రేయింబవళ్లు ఉచితముగా తెలుగున మాటలాడుదురు. పోలీసుల భయమున విషయమును దాచకుడు. అట్టి ప్రయత్నము చేసినవానిని తీవ్రవేదనలో నున్నవానిగా నెంచి, శిక్షింపక, చికిత్స చేయింపవలెనని 2017నాటి మానసికారోగ్య చట్టము చెప్పుచున్నది.

ఈ యేటి ఫలితములు వెలువడునాడు మీ వాడలోని ప్రతి విద్యార్థి యింటికిని ఒక పెద్ద వెళ్లవలెనని నా మనవి. మార్కుల ప్రసక్తి తేక, “అన్నము తింటివా బిడ్డా?” యని యడిగి, ప్రక్కన కూర్చుండుడు. తక్కినది వాడే చెప్పును.