సూదిమొన సాక్ష్యము



1911లో హాలెండు దేశపు లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ పండితుడు పాదరసమును సుమారు మైనస్ 269 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లార్పగా, దాని విద్యున్నిరోధము అదృశ్యమయ్యెను. ఇదియే అతివాహకత్వము. ఎలక్ట్రానులు జంటలుగా కూడుటయే దీనికి కారణమని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్‌లు వివరించిరి. కాని 1986లో జూరిచ్ చెంత బెడ్నోర్జ్, ముల్లర్‌లు కనుగొనిన రాగి ఆక్సైడులు ఆ వివరణకు లొంగలేదు.

అట్టి పదార్థముల గుట్టు తెలియుటెట్లు? సన్నని లోహపు సూదిమొనను వానికి తాకించి, వోల్టేజిని కొంచెము కొంచెముగా మార్చుచు విద్యుత్తును కొలుతురు. ఈ పద్ధతికి 1974లో ఖార్కోవ్ నగరమున యాన్సన్ నాంది పలికెను. తగిన శక్తి లేని ఎలక్ట్రాను ఒంటరిగా లోనికి పోజాలదు. తోడును గూర్చుకొని జంటయై పోవును. అందుచే ప్రవాహము రెట్టింపు వరకు హెచ్చును. 1964లో ఆంద్రేయెవ్ ఈ మర్మమును తెలిపెను. ఏ వోల్టేజి కడ ఆ హెచ్చుదల సడలునో, అదియే జంటల బంధమునకు కొలత. రాగి ఆక్సైడులలో ఈ బంధము దిక్కును బట్టి మారును. కొన్ని దిక్కులలో శూన్యమగును.

అయితే స్పర్శస్థానము పెద్దదైనచో అచ్చోటు వేడెక్కి, లేని గుర్తులను చూపును. కావున సాక్ష్యమును నమ్ముటకు ముందు సాక్షిని పరీక్షింపవలెను.

ఆ జంటలను కూర్చు శక్తి యేదో నేటికిని సర్వసమ్మతముగా తేలలేదు. తేలిన నాడు, సాధారణ ఉష్ణోగ్రతయందే నష్టము లేక విద్యుత్తును మోయు తీగెలకు త్రోవ దొరకవచ్చును.