ఉదయం ఏనుగులు, సాయంత్రం అలలు

కెన్యా తీరంలో సముద్రానికీ అడవికీ మధ్య దూరం తక్కువ. మొంబాసాకు దక్షిణాన ఉన్న డయానీ తీరంలో పగడపు దిబ్బలు పెద్ద అలలను దూరంగానే ఆపేస్తాయి. ఒడ్డున నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. ఆటు సమయంలో మాత్రం సముద్రం బాగా వెనక్కి పోతుంది. ఈత కొట్టాలంటే పోటు వేళ చూసుకోవాల్సిందే.

అక్కడి నుంచి కొద్ది గంటల ప్రయాణంలో త్సావో వస్తుంది. 1948లో ఏర్పడిన ఈ అభయారణ్యం తూర్పు, పడమర భాగాలు కలిపి 20 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. ఇక్కడి ఏనుగులు ఎర్రగా కనిపిస్తాయి. అది వాటి పుట్టురంగు కాదు, ఒంటిమీద చల్లుకునే ఎర్రమట్టి. మగ సింహాలకు జూలు పలచన, కొన్నిటికి అసలే ఉండదు. 1898లో రైలు వంతెన కడుతున్న కూలీలను చంపి తిన్న రెండు సింహాలు ఇలాంటివే. ఆ కూలీల్లో చాలామంది భారతదేశం నుంచి వెళ్లినవారు.

2017 నుంచి నడుస్తున్న కొత్త రైలు మొంబాసా నుంచి త్సావో పక్కనున్న వోయి పట్నానికి చేరుస్తుంది. అంత సమయం లేనివారికి డయానీ దగ్గరి షింబా కొండలున్నాయి. వంపు కొమ్ముల సేబుల్ జింకలను కెన్యాలో చూడగలిగేది అక్కడే.

జూన్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. జంతువులు నీటిగుంటల దగ్గరికి చేరతాయి కనుక వాటిని చూడటం తేలిక. ఏప్రిల్, మే నెలల్లో వానలు జోరుగా పడి మట్టిదారులు బురదవుతాయి. ముందు అడవి, తర్వాత సముద్రం అన్న వరసే మేలు. తెల్లవారుజామున లేచి, దుమ్ములో తిరిగిన అలసట ఒడ్డున తీరుతుంది. తీరప్రాంతంలో మలేరియా ఉంది. బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడిగి మందులు తీసుకోవాలి.