రెండు పైసలు సరే, తొంభై ఎనిమిది పైసల లెక్కేది?

(సంగారెడ్డి జిల్లా గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాం. మేం పనిచేసే బడికి ఒక మందుల కంపెనీ మంచినీళ్ల ప్లాంటు ఇచ్చింది. రిబ్బన్ కత్తిరించే రోజు పొద్దున తొమ్మిదింటికే పిల్లల్ని వరుసగా నిలబెట్టినం. కంపెనీ పెద్దలు వచ్చేసరికి పన్నెండయింది. ఎండలో మాడిన ఆ పిల్లలతో చప్పట్లు కొట్టించింది ఎవరు? మేమే, పంతుళ్లమే. మర్నాడు మాదిగవాడ నుంచి వచ్చే ఏడో తరగతి పిల్ల అడిగింది: "సార్, నీళ్ల మిషన్ ఇచ్చిండ్రు సరే. మా బాయి నీళ్లు ఎవరు కరాబు చేసిండ్రు?" మాకు నోట మాట రాలేదు. ఇవ్వాళ మీతో మాట్లాడేది ఆ పిల్లకు బాకీపడ్డ జవాబే.

మొదటి సంగతి. అది దానం కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర ఆస్తి గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న ప్రతి కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలె. అంటే రూపాయి లాభంలో రెండు పైసలు. ఖర్చు పెట్టని సొమ్మును మళ్లీ లాభంలో కలుపుకోవడానికి 2021 నుంచి వీల్లేదు. కంపెనీ చుట్టుపక్కల ఊళ్లకే ముందు చూపు ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. మరి బడి గోడ మీద "దాత" అని రాయించుకునుడు ఎందుకు? పన్ను కట్టినోడికి ఎవరన్నా దండ వేస్తరా?

రెండో సంగతి. ఆ రెండు పైసలు సరే, మిగిలిన తొంభై ఎనిమిది పైసలు ఎట్ల వచ్చినయి?

పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి వైపు 1970ల నుంచి కంపెనీలు దిగినయి. వాటి మురికి ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలోకి, మంజీర నుంచి గోదావరిలోకి పోయింది. బావులు చెడినయి, పంటలు మాడినయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఉమ్మడి శుద్ధి ప్లాంటు వచ్చింది, ఇక బాధ లేదన్నరు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన అచ్చయింది. సుమారు 90 మందుల కంపెనీల మురికిని శుద్ధి చేసి ఆ ప్లాంటు బయటికి వదిలిన నీళ్లలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ తేలింది. మన ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ ఇచ్చే సిప్రో గోలి మందే అది. గోలి మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు!

నీళ్లలో మందుంటే రోగం పోతది కదా అనుకోకండి. అట్లాంటి నీళ్లలో బతకనేర్చిన క్రిములు మందుకు లొంగవు. రేపు మన బిడ్డకు జ్వరమొస్తే అదే గోలి పనిచేయకుండా పోతుంది. తర్వాత ఆ ప్లాంటు నీటిని 18 కిలోమీటర్ల పైపు వేసి హైదరాబాద్ అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. మూసీ కింద నాట్లు వేసేది ఎవరు? అక్కడా మనోళ్లే.

కంపెనీ లోపల సంగతేంది? సంపులో దిగేది, డ్రమ్ములు మోసేది కాంట్రాక్టు కూలీలు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందులకు కావలసిన పొడి తయారుచేసే ఫ్యాక్టరీ పేలింది. 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. పొట్ట చేతబట్టుకుని బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ.

మందులు వద్దని మేం అనడం లేదు. మందుల ఫ్యాక్టరీ మూయమనీ అనడం లేదు. మురికిని శుద్ధి చేయడం, కూలీ ప్రాణం కాపాడడం వేరే చట్టాల కింద కంపెనీ ఎట్లాగూ చేయాల్సిన పని. ఇట్లాంటి పని ఖర్చును రెండు పైసల లెక్కలో చూపకూడదని 2021 నిబంధనలే చెబుతున్నయి. అంటే ఇది వేరు, అది వేరు. నీళ్ల ప్లాంటు ఇచ్చినంత మాత్రాన వాగు బాకీ తీరదు.

మూడో సంగతి మన ఇంటి సంగతి. కంపెనీ ఊరికి ఇచ్చిందంటే వాడకు ఇచ్చినట్టు కాదు. మా పక్క ఊళ్లో ఇట్లాంటి ప్లాంటునే పెద్దల గల్లీలో, గుడి పక్కన పెట్టించారు. మన ఆడోళ్లు బిందె పట్టుకుని దూరంగా నిలబడి, ఎవరన్నా వంచి పోస్తేనే తెచ్చుకుంటున్నారు. 1927లో బాబాసాహెబ్ మహాడ్ చెరువులో దోసిలి ముంచింది ఇందుకేనా? కంపెనీకి ఊరంటే సర్పంచి ఇల్లు, దొర అరుగు. మురికి మాత్రం దారి తప్పకుండా మన వాడకే వస్తది.

మరి ఏం చేద్దాం?

ఒకటి. ఏయే పనులకు సొమ్ము కేటాయించిందీ కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టాలె, ఏటా నివేదిక ఇయ్యాలె. చదువుకున్న పిల్లలతో అది తీయించండి. గ్రామసభలో గట్టిగా చదివించండి. కాగితం మీదున్నది ఊళ్లో ఉందా, చూద్దాం.

రెండు. కొత్త ఫ్యాక్టరీకో విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, నివేదిక సారాంశం తెలుగులో ముందే అడిగి తీసుకోండి. బడి కట్టిస్తాం, గుడి కట్టిస్తాం అంటే, "ముందు మురికి ఎటు పోతదో చెప్పు" అనండి. మన మాట మినిట్స్‌లో ఎక్కేదాకా కదలొద్దు.

మూడు. ఏ సాయమొచ్చినా నల్లా వాడలో పెట్టాలని తీర్మానం చేయించండి. వంచి పోసే నీళ్లు మనకొద్దు.

మా మాటగా నాలుగోది. ఇక మీదట మా బడిలో ఏ కంపెనీకీ పిల్లలతో చప్పట్లు కొట్టించం. వచ్చినవాళ్లను కుర్చీ వేసి కూర్చోబెడతాం. ఆ ఏడో తరగతి పిల్లను లేపి, అదే ప్రశ్న మళ్లీ అడగమంటాం. జవాబు చెప్పాల్సింది మేం కాదు, వాళ్లు.

జై భీం!