లోయవైపు నడిచిన తోడు
(సోలాపురంలో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది, పచ్చడి తిన్నాము, పిల్లలు పాటలు పాడారు. భోజనాల వేళ దగ్గర పడుతున్నప్పుడు నన్ను ఓ పావుగంట మాట్లాడమన్నారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. "నాకు తెలిసినది ఏముందండీ?" అంటే, "చదివినది ఏదన్నా చెప్పవయ్యా" అన్నారు కార్యదర్శిగారు. అందుచేత, బయట సోలాపురం ఎండ మాడ్చేస్తున్న ఈ పూట, మిమ్మల్ని కాసేపు మంచుకొండల మీదికి తీసుకుపోదామని సాహసిస్తున్నాను.

షెర్లాక్ హోమ్స్ డిటెక్టివు కథలు మీలో చాలామంది చదివే ఉంటారు. వాటిని రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ 1894వ సంవత్సరం మార్చి 23వ తేదీన స్విట్జర్లండులో ఒక కొండ దాటాడు. కాళ్ళకు కర్రపలకలు కట్టుకొని, మంచు మీద, దావోస్ అనే ఊరినుంచి అరోసా అనే ఊరికి వెళ్ళాడు. ఆ ప్రయాణం గూర్చి అదే సంవత్సరం డిసెంబరులో లండనులోని స్ట్రాండ్ మాసపత్రికలో వ్యాసం రాశాడు. ఆ కొండ దాటేనాటికి ఆయనకు 34 సంవత్సరాలు, ఇంచుమించు నా యీడువాడే. ఆ వ్యాసం చదివింది మొదలు అందులోని ఒక చిన్న సంగతి నన్ను వదలలేదు. అది మీతో చెప్పుకొందామనే నా ఆశ.

ముందు ఆ పలకల సంగతి చెప్పాలి. వాటిని స్కీలంటారు. ఇది నార్వేవారి మాట; చీల్చిన కట్టె అని దాని పాత అర్థం. డాయిల్ వాడినవి ఒక్కొక్కటి 8 అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు, ముందు కొన పైకి వంచి ఉండేవి. మెత్తని మంచులో మనిషి అడుగు వేస్తే మోకాలిదాకా, ఒక్కొక్కప్పుడు నడుందాకా దిగబడిపోతాడు. గుమాస్తాను గనుక నేను లెక్క వేసి చూశాను. మన పాదం సుమారు 40 చదరపు అంగుళాలనుకుంటే, ఒక్క స్కీ 384 చదరపు అంగుళాలు. అదే బరువు పదింతలకు దగ్గరైన చోటు మీద పరుచుకొంటుంది గనుక మంచు మనిషిని మోస్తుంది. స్కీకి నడుమనున్న వారులో పాదం బిగిస్తారు. మడమ మాత్రం పైకి లేస్తూ ఉండాలి, లేకుంటే నడక సాగదు. చెప్పడానికి ఇంతే. కట్టుకొన్నవాడు మాత్రం మొదటి రోజుల్లో నిలబడేది తక్కువ, పడేది ఎక్కువ. పెద్దమనిషితనం తలకెక్కినవారికి ఇది మంచి మందని డాయిలే తనమీద తాను వేళాకోళం చేసుకొన్నాడు.

ఆయన దావోసుకు వినోదానికి పోలేదు. 1893లో ఆయన భార్య లూయిసాకు క్షయ అని తేలింది. ఎన్నో నెలలు బ్రతకదన్నారు. అప్పటికి క్షయకు మందు లేదు. కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ఒకప్పుడు ఎటువంటిదో, ఐరోపావారికి ఆనాటి దావోస్ అటువంటిది. ఆవిడ తర్వాత పదమూడేళ్ళ వరకు జీవించి 1906లో కన్నుమూసింది. కాని ఆ చలికాలంలో ఆ సంగతి ఎవరికి తెలుసు? ఇంట్లో అంత దిగులు పెట్టుకొన్న మనిషి ఈ కొత్త విద్యకు పూనుకొన్నాడు.

విద్య నేర్పినవారు ఆ ఊరి బ్రాంగర్ సోదరులు, తోబియాస్, యోహానెస్. తోబియాస్ గుర్రపు జీనులు కుట్టే పనివాడు. స్కీలు నార్వే సొత్తు. స్విట్జర్లండువారికి అప్పట్లో వింత. 1888లో నాన్సెన్ అనే నార్వే వీరుడు గ్రీన్లండు మంచుదీవిని స్కీల మీద అడ్డంగా దాటాడు. ఆ కబురు పుస్తకరూపంలో వచ్చాక ఐరోపా అంతటా వీటి మీద ఆసక్తి పుట్టింది. బ్రాంగర్లు నార్వేనుంచి స్కీలు తెప్పించుకొన్నారు. అయితే పగలు కట్టుకొని బయలుదేరితే ఊరివాళ్ళు నవ్వేవారట. అందుచేత చీకటి పడ్డాక వెళ్ళి అభ్యాసం చేసేవారని చెప్తారు. ఆ చీకటి అభ్యాసంతోనే వాళ్ళు 1893లో అరోసా దారి దాటారు. స్విట్జర్లండుకు స్కీలు తెచ్చింది డాయిల్ అని కొందరు రాస్తూంటారు గాని అది సరికాదు. ఆయన శిష్యుడు, వాళ్ళు గురువులు.

రైల్వేవాణ్ణి గనుక ఇంకొక మాట. దావోసుకు 1890లో మీటరుగేజి రైలు వచ్చింది. అరోసాకు 1914 దాకా రాలేదు. ఈనాటికీ రైలులో ఆ ఊరినుంచి ఈ ఊరికి పోవాలంటే కూర్ పట్టణం మీదుగా చుట్టు తిరిగి పోవలసిందే. రెండూళ్ళకూ నడుమ ఉన్నది 2,440 మీటర్ల ఎత్తున మైయెన్‌ఫెల్డర్ ఫుర్గా అనే కనుమ. చలికాలంలో అది మంచుతో మూసుకొని పోతుంది.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ముగ్గురూ బయలుదేరారు. ఆకాశంలో చంద్రుడింకా ఉన్నాడు. ఏటవాలు మీద స్కీలతో నేరుగా ఎక్కలేరు, వెనక్కి జారుతాయి. ఒక పక్కకు కొంతదూరం, మళ్ళీ రెండో పక్కకు కొంతదూరం, అలా మెలికలు తిరుగుతూ ఎక్కాలి. బొంబాయి దారిలో బోర్ ఘాటు దగ్గర ఒకప్పుడు రైలు ఒకవైపు పోయి, ఆగి, దిశ మార్చుకొని పైకి ఎక్కేదని మన పెద్దలు చెప్పేవారు గదా, ఇదీ ఆ ఉపాయమే.

ఇక నన్ను వదలని సంగతి. కనుమకు చేరకముందు ఒకచోట వాలు చాలా నిటారుగా ఉంది. కింద అగాధం. ఆ అంచున సుమారు అరమైలు అడ్డంగా నడవాలి. డాయిల్ కొత్తవాడు, కాలు జారితే పట్టుకొనేందుకు ఏమీ లేదు. అప్పుడు బ్రాంగర్లిద్దరూ మాట్లాడకుండా ఆయనకు దిగువగా, లోయవైపుకు వచ్చి, ఆ అరమైలూ అటుపక్కనే నడిచారు. భయపడకు అనలేదు, చెయ్యి పట్టి లాగలేదు. జారితే తమ మీద పడతాడని తెలిసే అక్కడ నడిచారు. ప్రమాదం దాటాక ఎవరి చోట వారు మళ్ళీ నడిచారు.

కనుమ దాటిన తర్వాత హాయి. కాలు కదపకుండానే పక్షుల్లాగా జారిపోయారు. అరోసావైపు దిగుడు మరీ నిటారు కావడంతో అన్నదమ్ములు తమ స్కీలు రెండేసి కలిపి కట్టి, బండిలా చేసుకొని, వాటి మీద కూర్చొని దిగారు. డాయిల్ కూడా అట్లాగే చేయబోతే ఆయన బండి ఆయన్ని వదిలేసి తాను ముందు పారిపోయింది. పాపం, మిగిలిన వాలంతా కూర్చున్న పాటున జారవలసి వచ్చింది. నేతపని ఎరిగిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి గనుక ఇది చెప్పాలి. ఆయన తొడుక్కొన్న ప్యాంటు హారిస్ ట్వీడ్. స్కాట్లండు పడమటి దీవుల్లో నేతవాళ్ళు మగ్గాల మీద నేసే ఉన్ని బట్ట అది. దానికి అరుగుదలన్నది లేదని దర్జీ చెప్పాడట. ఆ వాలు మీద దాని పీలికలు చూసుకోవచ్చునని డాయిల్ చమత్కరించాడు. మన సోలాపురం దుప్పటి ఆ పరీక్షకు నిలిచేదేమో, తెలిసినవారు చెప్పాలి!

పదకొండున్నరకు అరోసా చేరారు. ఏడు గంటల ప్రయాణం. ఒంటిగంటకు ముందు రాలేరని లెక్కవేసుకొన్న ఊరివాళ్ళు చూద్దామని బయటికి వచ్చేసరికి ఆయన హోటలులో భోజనం ముగిస్తున్నాడు. హోటలు రిజిస్టరులో ఆయన వివరాలు తోబియాసే నింపాడు. వృత్తి అన్న గడిలో డాక్టరనీ రాయలేదు, రచయిత అనీ రాయలేదు. 'క్రీడాకారుడు' అన్న అర్థం వచ్చేలా తనకు వచ్చిన స్పెల్లింగుతో ఒక ఇంగ్లీషు మాట రాశాడు. అది తనకొక బిరుదులా తోచిందని డాయిల్ తర్వాత రాసుకొన్నాడు. రోజూ గడులు నింపేవాణ్ణి, అంత మంచి మాట నేనెన్నడూ నింపలేదు.

ఇప్పుడు నా సంగతి రెండు ముక్కలు. నన్ను మొదట వేసింది కన్నడదేశంలో ఒక చిన్న స్టేషనుకు. నాకు ఒక్క ముక్క కన్నడం రాదు. ఒక ముసలమ్మ అడిగిన ఊరు అర్థం కాక మరో ఊరికి టికెట్టు ఇచ్చాను. ఆవిడ రాత్రివేళ తెలియనిచోట దిగి, తెల్లవారి తిరిగి వచ్చి, కిటికీ ముందు నిలబడి ఏడ్చింది. వరుసలో ఉన్నవాళ్ళు నన్ను చూసి నవ్వారు. ఆ తర్వాత కిటికీ తెరవాలంటేనే నాకు వణుకు. అక్కడ పెద్దవయసు పోర్టరొకాయన ఉండేవాడు. చివరి బండి పోయాక ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టి మాటలు నేర్పేవాడు. "స్వల్ప నిధానవాగి హేళి", అంటే కొంచెం నిదానంగా చెప్పండి, అన్నది నేను నేర్చిన మొదటి వాక్యం. పగలు తీరిక దొరికినప్పుడల్లా వచ్చి కిటికీ పక్కన నిలబడేవాడు. నేను తడబడితే, ఆ ప్రశ్న తననే అడిగినట్టు తాను జవాబు చెప్పేవాడు. నవ్వేవాళ్ళ నవ్వు ఆయన దగ్గరే ఆగిపోయేది. ఆరు నెలలకు ఆయన రావడం మానేశాడు. ఇక అవసరం లేదని ఆయనకు తెలిసింది. డాయిల్ వ్యాసం చదివినప్పుడు ఆ ముసలాయన నాకు ఎక్కడ నిలబడ్డాడో అర్థమైంది.

ఇది ఈ సభలో ఎందుకు చెప్పానంటే, మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పోయిన వేసవిలో మా ఊరు తీసుకువెళ్ళాము. 'కిటికీ' అనడానికి 'ఖిడ్కీ' అన్నదని అక్కడి పిల్లలు పగలబడి నవ్వారు, పెద్దలు కూడా నవ్వారు. నిజం దాచడమెందుకు, నేనూ నవ్వాను. అప్పటినుంచి తెలుగులో మాట్లాడమంటే "మలా యేత్ నాహీ" అంటుంది. ఆదివారం తెలుగు తరగతికి రానంటుంది. ఆ నవ్వులో నా వంతు కూడా ఉన్నదన్న మాట నాకు రాత్రిళ్ళు గుర్తుకు వస్తుంది.

మన పిల్లలు రెండు భాషల నడుమ ఏటవాలు మీద నడుస్తున్నారు. జారుతారు. జారినప్పుడు పైనుంచి చూసి నవ్వేవారు ఎక్కడైనా దొరుకుతారు. మనం ఇంట్లో కూడా అదే పని చేస్తే వాళ్ళకు దిక్కెవరు? తప్పు మాట వస్తే, సరైన మాట మనం ఒకసారి మామూలుగా పలికి ఊరుకుందాం. చుట్టాలు నవ్వబోతే ముందు మనం అడ్డం పోదాం. ఉగాది మర్నాటినుంచి ఆదివారం తరగతికి మా అమ్మాయి పక్కన నేనూ కూర్చుంటానని మాట ఇచ్చాను. చిన్నప్పుడు మరాఠీ బడిలో చదివినవాణ్ణి గనుక నా గుణింతాలలో కూడా తప్పులున్నాయి. అవి చూసి ముందు నన్ను నవ్వనివ్వండి.